తెగకముందే మార్చే బెల్టు

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఊళ్ళు ఉన్నాయి. ఈ రెండు ఊళ్ళలోనూ, వాటికి దగ్గరలో ఉన్న మిర్యాలగూడలోనూ రోడ్డు పక్కన మెకానిక్ షెడ్లు మీరు చూసే ఉంటారు. ఎప్పుడైనా ఒక పాత కారు బానెట్ తెరిచి పని చేస్తుంటే, అడ్డం రాకుండా ఓ పక్కన నిలబడి చూడండి. ఒక్కొక్కసారి ఒక వింత కనిపిస్తుంది. మేస్త్రి ఇంజను పక్కనుంచి పళ్ళున్న నల్లటి బెల్టు ఒకటి తీస్తాడు. అది తెగి ఉండదు. చీలి కూడా ఉండదు. అయినా దాన్ని అవతల పడేసి కొత్తది వేస్తాడు. దాంతోపాటు, చుక్క నీరు కూడా కారని నీటి పంపును విప్పి, దాని చోట కొత్త పంపు బిగిస్తాడు.

"బాగున్నవాటిని మార్చడం ఎందుకు? పాడైనప్పుడు చూసుకోవచ్చు కదా!" అంటాడు కారు యజమాని.

పిల్లలూ, ఈ మాట సబబుగానే ఉన్నట్టు తోస్తుంది, కదూ? కాని ఈ ఒక్క బెల్టు విషయంలో మాత్రం ఇది చాలా ప్రమాదకరమైన మాట. ఎందుకో తెలుసుకోవాలంటే ముందుగా బెల్టుల్లో రెండు జాతులున్నాయని గ్రహించాలి.

జారే బెల్టు, జారని బెల్టు

మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపడ్డ ఊరు. మిల్లులో మోటారు నుంచి యంత్రాలకు చలనాన్ని అందించేది బెల్టే. ఆ బెల్టుకు పళ్ళుండవు. కప్పీని గట్టిగా పట్టుకొని, కేవలం ఘర్షణ వల్లనే దాన్ని తిప్పుతుంది. యంత్రంలో ఏదైనా ఇరుక్కుంటే బెల్టు కప్పీ మీద జారుతుంది. కీచుమంటుంది, కాలిన వాసన వేస్తుంది. పనివాడు వచ్చి మోటారు ఆపుతాడు. అంటే ఇక్కడ బెల్టు జారడం ఒక విధంగా మేలే. యంత్రం విరగకుండా కాపాడుతుంది, పైగా ముందుగా హెచ్చరిస్తుంది.

కారు ఇంజను లోపల ఉండే టైమింగ్ బెల్టు అలాంటిది కాదు. దానికి లోపలివైపు పళ్ళుంటాయి. ఆ పళ్ళు కప్పీల మీద ఉన్న గాడుల్లో సరిగ్గా కూర్చుంటాయి. ఇది ఒక్క పన్ను కూడా జారకూడదు. ఎందుకంటే దీని పని బలాన్ని అందించడం ఒక్కటే కాదు, కాలాన్ని లెక్కపెట్టడం కూడా. పేరులోనే 'టైమింగ్' ఉంది చూశారా!

నాలుగు ఘాతాలు, రెండు చుట్లు

పెట్రోలు ఇంజను నాలుగు ఘాతాల్లో పని చేస్తుంది. మొదటి ఘాతంలో పిస్టన్ కిందికి దిగుతుంది, ప్రవేశ కవాటం తెరుచుకొని గాలి, పెట్రోలు మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. రెండవ ఘాతంలో పిస్టన్ పైకి వచ్చి ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. అప్పుడు కవాటాలన్నీ మూసి ఉండాలి. నిప్పురవ్వ తగిలి మిశ్రమం మండగానే, ఏర్పడిన వాయువులు పిస్టన్‌ను బలంగా కిందికి తోస్తాయి. ఇది మూడవ ఘాతం. నాలుగవ ఘాతంలో పిస్టన్ మళ్ళీ పైకి వస్తూ, తెరుచుకున్న నిర్గమ కవాటం గుండా పొగను బయటికి పంపుతుంది.

పిస్టన్ ఒకసారి కిందికి దిగి, ఒకసారి పైకి వస్తే క్రాంక్ షాఫ్టు ఒక చుట్టు తిరిగినట్టు. నాలుగు ఘాతాలకు రెండు చుట్లు కావాలి. కాని ఆ రెండు చుట్లలో ఒక్కొక్క కవాటం తెరుచుకోవలసింది ఒక్కసారే. కవాటాలను తెరిచేది క్యామ్ షాఫ్టు. కాబట్టి క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగే లోపల క్యామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. దీనికి ఉపాయం తేలికే. క్రాంక్ కప్పీకి 20 పళ్ళుంటే, క్యామ్ కప్పీకి 40 పళ్ళు పెట్టాలి. ఈ రెండింటినీ కలిపి ఉంచేదే టైమింగ్ బెల్టు.

ఇక్కడొక చిన్న లెక్క. సూర్యాపేట నుంచి కోదాడకు సుమారు 45 కిలోమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే ముప్పావు గంట పడుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. 45 నిమిషాల్లో క్రాంక్ షాఫ్టు 1,35,000 చుట్లు తిరుగుతుంది. క్యామ్ షాఫ్టు అందులో సగం, అంటే 67,500 చుట్లు. ఒక్కొక్క కవాటం కూడా అన్నిసార్లే తెరుచుకొని మూసుకుంటుంది. సెకనుకు 25 సార్లన్నమాట! ఇదే వేగంతో 60,000 కిలోమీటర్లు నడిచిన కారులో ప్రతి కవాటమూ తొమ్మిది కోట్లసార్లు తెరుచుకుంటుంది. అన్నిసార్లూ ఆ బెల్టు ఒక్క పన్ను కూడా లెక్క తప్పలేదు.

లెక్క తప్పితే?

20 పళ్ళ క్రాంక్ కప్పీ మీద ఒక పన్ను జారిందంటే, 360ని 20తో భాగించండి, 18 డిగ్రీల తేడా వస్తుంది. ఇంజను దడదడలాడుతుంది, బలం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. బెల్టు పూర్తిగా తెగితే సంగతి వేరు. క్యామ్ షాఫ్టు ఉన్నచోటనే ఆగిపోతుంది. అప్పుడు కొన్ని కవాటాలు తెరుచుకొని సిలిండరులోకి పొడుచుకు వచ్చి ఉంటాయి. కాని క్రాంక్ షాఫ్టు వెంటనే ఆగదు. దానికి జడత్వం ఉంది, పైగా దొర్లుతున్న చక్రాలు దాన్ని ఇంకా తిప్పుతుంటాయి. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉంటాయి.

కొన్ని ఇంజన్లలో తెరుచుకున్న కవాటానికీ, పైకొచ్చిన పిస్టన్‌కూ మధ్య ఎడం ఉంటుంది. అక్కడ కారు ఆగిపోతుందే తప్ప లోపల దెబ్బ తగలదు. మరికొన్నింటిలో ఆ ఎడం ఉండదు. కవాటానికీ, పిస్టన్‌కూ ఒకే చోటు, కాని వేరువేరు సమయాల్లో. వంతు తప్పితే రెండూ గుద్దుకుంటాయి. కవాటాలు వంగిపోతాయి, పిస్టన్ నెత్తి పగులుతుంది. ఇక హెడ్డు దించవలసిందే. ఒక బెల్టుతో పోయే ఖర్చు అక్కడ ఎన్నో రెట్లవుతుంది. అంతకంటే పెద్ద మాట మరొకటి ఉంది. రాత్రివేళ రహదారి మీద, వెనక లారీలు వస్తుండగా, కారు ఉన్నట్టుండి ఆగిపోతే లోపలున్నవారి ప్రాణాలకే ముప్పు.

మిల్లు బెల్టు కీచుమని చెప్పి మరీ పాడవుతుంది. టైమింగ్ బెల్టు చాలాసార్లు చెప్పకుండానే తెగుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి.

గొలుసు నుంచి బెల్టుకు

అన్ని కార్లకూ ఈ బెల్టు ఉండదు. ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఈ పని చేసింది ఇనుప గొలుసు. వాటిలో క్యామ్ షాఫ్టు ఇంజను దిమ్మెలోనే, క్రాంక్ షాఫ్టుకు దగ్గరగా ఉండేది. అందుకని పొట్టి గొలుసు సరిపోయేది. తరవాత క్యామ్ షాఫ్టును కవాటాల నెత్తి మీదికి, హెడ్డులోకి మార్చారు. దూరం పెరిగింది. అంత పొడవు గొలుసు బరువు, చప్పుడు చేస్తుంది, దానికి నూనె తగులుతూ ఉండాలి. పళ్ళ బెల్టు తేలిక, చప్పుడు తక్కువ, నూనెతో పని లేదు.

ఇలాంటి బెల్టును 1940లలో అమెరికాలో కుట్టుమిషన్ల కోసం రూపొందించారు. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో దాన్ని మొదట వాడింది జర్మనీకి చెందిన గ్లాస్ సంస్థ. దాని 1004 రకం కారు 1962లో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో ఈ బెల్టును ఊరూరికీ తెచ్చింది మారుతి 800. దాని మొదటి కారు 1983 డిసెంబరు 14న యజమాని చేతికి అందింది, తయారీ 2014 జనవరిలో ఆగింది. మూడు సిలిండర్లు, 796 ఘనపు సెంటీమీటర్లు గల దాని ఇంజనుకు టైమింగ్ బెల్టే ఉంటుంది. ఈ మధ్యకాలపు చాలా కార్లలో మళ్ళీ గొలుసు వచ్చింది. విద్యుత్తుతో నడిచే కార్లలో పిస్టన్లూ, కవాటాలూ లేవు గనుక ఈ బెల్టూ లేదు. కాని బెల్టున్న పాత కార్లు మన ఊళ్ళలో ఇంకా చాలానే తిరుగుతున్నాయి.

నీటి పంపు ఎందుకు?

పెట్రోలు మండినప్పుడు సిలిండరులో వాయువుల వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పిస్టన్‌ను చేసే అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గరే! మరి పిస్టన్ కరిగిపోదేం? మంట ఉండేది క్షణకాలం, ఆ వేడిని చుట్టూ ఉన్న నీరు ఎప్పటికప్పుడు లాక్కుపోతుంది కాబట్టి. పెట్రోలు నుంచి వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే కారును నడిపిస్తుంది. ఇంకో మూడో వంతు పొగతో పోతుంది. మిగిలిన దానిలో పెద్ద భాగాన్ని చల్లార్చే నీరే మోయాలి.

ఈ పనికి నీరే ఎందుకు? దాని విశిష్టోష్ణం చాలా ఎక్కువ. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్ళు కావాలి. అదే కిలో ఇనుముకు సుమారు 0.45 చాలు. అంటే తన వేడి పెద్దగా పెరగకుండానే నీరు చాలా ఉష్ణాన్ని మోసుకుపోతుంది.

కాని నీరు ఒకేచోట నిలిచి ఉంటే మరిగిపోతుంది. దాన్ని ఇంజను నుంచి రేడియేటరుకూ, అక్కడ గాలికి చల్లబడ్డాక తిరిగి ఇంజనుకూ తిప్పుతుండాలి. అదే నీటి పంపు పని. పొలంలో మోటారు పంపును విప్పినప్పుడు రెక్కల చక్రాన్ని చూసి ఉంటారు. ఇదీ అలాంటిదే, పరిమాణంలో చిన్నది. చక్రం తిరిగితే నడుమనున్న నీరు అంచుకు విసిరివేయబడుతుంది. నడుమ పీడనం తగ్గి కొత్త నీరు వచ్చి చేరుతుంది.

పంపుకు ఆయువుపట్టు సీలు. చక్రాన్ని తిప్పే కడ్డీకి ఒక కొసన నీరు, ఇంకో కొసన బేరింగు ఉంటాయి. నీరు బేరింగులోకి పోకుండా మధ్యలో ఈ సీలు అడ్డుకుంటుంది. సీలు అరిగితే నీరు బయటికి పోవడానికి పంపు కింద చిన్న బెజ్జం పెడతారు. అక్కడ తడి గాని, ఎండిన మరక గాని కనబడితే పంపు ముసలిదైందని అర్థం.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. నల్లగొండ ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడు సంగతి మీ అందరికీ తెలుసు. అది మన పళ్ళకూ, ఎముకలకూ శత్రువు. ఇంజనుకు శత్రువు మాత్రం మరొకటి. నీటికి కఠినత్వాన్నిచ్చే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కాగుల్లో నీళ్ళు కాచగా కాచగా అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూశారా? రేడియేటరులో బోరు నీరు పోస్తే దాని సన్నని గొట్టాల్లోనూ అదే పెచ్చు కడుతుంది. వేడిని బయటికి పోనివ్వదు. నీటిలో కొట్టుకొచ్చే రేణువులు సీలును కూడా గీరేస్తాయి. అందుకే ఇథిలీన్ గ్లైకాల్, తుప్పును ఆపే మందులు కలిపిన కూలెంటును, తయారీదారు చెప్పిన పాళ్ళలో, లవణాలు లేని శుద్ధజలంతో కలిపి పోయాలి.

రెండూ ఒక్కసారే

ఇప్పుడు యజమాని ప్రశ్నలో రెండో సగానికి వద్దాం. పంపును బెల్టుతోపాటే ఎందుకు మార్చాలి?

యూరప్ సంస్థల కార్లు చాలావాటిలో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. అక్కడ పంపు బేరింగు అరిగి ఊగితే బెల్టు వంకరగా నడిచి అంచులు తెగుతాయి. బేరింగు బిగుసుకుపోతే కొత్త బెల్టు కూడా తెగిపోతుంది. మారుతి 800 వంటి కార్లలో పంపును తిప్పేది బయట కనిపించే వేరే బెల్టు. అయినా పంపు నుంచి కారిన కూలెంటు పక్కనున్న టైమింగ్ బెల్టు మీద పడితే దాని రబ్బరు పాడవుతుంది.

ఇంకో కారణం కూలి. ఈ పనిలో బెల్టు వేయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. బయటి బెల్టులు, కప్పీలు, మూతలు విప్పి లోపలికి చేరడానికే సగం రోజు పడుతుంది. ఆరు నెలలకు పంపు కారితే చాలా కార్లలో ఆ విప్పుడంతా మళ్ళీ మొదలు. అందుకే తెలిసిన మేస్త్రి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, పంపు మూడూ కలిపి మారుస్తాడు.

పని ఎలా సాగుతుంది?

ఇది మీరు చేయవలసిన పని కాదు. చూసి అర్థం చేసుకోవలసిన పని.

ఇంజను పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ విప్పుతారు. కూలెంటును పళ్ళెంలోకి దింపుతారు. దాన్ని కాలువలో పారబోయకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. కుక్కలూ, పశువులూ తాగితే చచ్చిపోతాయి.

తరవాత బయటి బెల్టులు, మూతలు తీసి, క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజను మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతారు. ఒకటో సిలిండరు పిస్టన్ పైకొసకు వచ్చేసరికి కప్పీల మీది గుర్తులు ఇంజను మీది గుర్తులకు ఎదురుగా నిలుస్తాయి. అప్పుడు టెన్షనర్ వదులు చేసి పాత బెల్టు తీస్తారు. ఇక కొత్త బెల్టు పడేదాకా క్రాంక్ షాఫ్టు గాని, క్యామ్ షాఫ్టు గాని కదలకూడదు.

పాత పంపు విప్పి, అది కూర్చునే చోట అంటుకున్న ప్యాకింగును గీతలు పడకుండా శుభ్రం చేస్తారు. కొత్త ప్యాకింగుతో కొత్త పంపు పెట్టి, బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగిస్తారు. ఒకేవైపు బిగిస్తే ఇంకోవైపు సందు మిగులుతుంది.

కొత్త బెల్టును మడతపెట్టరాదు. దాని పొట్టలో గాజు దారాలుంటాయి. అవి లాగితే సాగవు, కాని మడిస్తే విరుగుతాయి. గుర్తులు తప్పకుండా బెల్టు తొడిగి, టెన్షనర్‌తో తగినంత బిగువు పెడతారు.

ఇప్పుడు అసలైన పరీక్ష. మేస్త్రి స్టార్టరు నొక్కడు. పానాతో క్రాంక్ షాఫ్టును నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పుతాడు. గుర్తులన్నీ మళ్ళీ ఎదురెదురుగా నిలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపుతాడు. రెండు చుట్లే ఎందుకో మీరు చెప్పగలరు. క్రాంకు రెండు చుట్లంటే క్యాముకు ఒక చుట్టు, అంటే నాలుగు ఘాతాలూ పూర్తి. ఆ నాలుగింటిలో ఎక్కడా గుద్దుకోకుండా, గుర్తులన్నీ ఎదురెదురుగా నిలిస్తే టైమింగ్ సరిగా కుదిరిందన్నమాట. మేస్త్రి నాలుగు ఘాతాల పాఠాన్ని మీలాగా బల్ల మీద కూర్చొని చదివి ఉండకపోవచ్చు. కాని ఆ పాఠాన్ని రోజూ చేత్తో అప్పగిస్తున్నాడు.

చివరగా కూలెంటు పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపి, ఎక్కడా కారడం లేదని చూస్తారు.

ఎప్పుడు మార్చాలి?

దీనికి జవాబు కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా ఇంజన్లకు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకెను, దానితోపాటు ఇన్ని సంవత్సరాలని ఒక గడువును ఇస్తారు. ఏది ముందొస్తే అదే లెక్క. పెళ్ళిళ్ళకూ, పేరంటాలకూ మాత్రమే బయటికి తీసే కారైనా సరే, వేడికీ గాలికీ రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. నూనె తగిలితే ఇంకా తొందరగా పాడవుతుంది. పాత కారు కొన్నవారికి బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం దొరక్కపోతే, మార్చలేదనే అనుకోవాలి.

పాడయ్యేముందు ఫిర్యాదు చేసే భాగాన్ని ఫిర్యాదు వచ్చాక మార్చవచ్చు. ఫిర్యాదు చేయనిదాన్ని లెక్క ప్రకారమే మార్చాలి. విమానాల్లో ఎన్నో భాగాలను ఇలాగే గంటలు లెక్కపెట్టి మారుస్తారు. బాగున్న బెల్టు పారేశామని అనుకోకూడదు. అది తన లెక్క పూర్తి చేసింది.

ఒక హెచ్చరిక. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూతను ఎన్నడూ తీయకండి, ఎవరినీ తీయనివ్వకండి. ప్రెషర్ కుక్కరులో లాగానే అక్కడా పీడనం వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖాన చిమ్ముతుంది.

మీరే చేసి చూడండి

1. రెండు ఖాళీ దారపు రీళ్ళను పలకకు కొట్టిన మేకులకు తొడిగి, వాటికి రబ్బరు బ్యాండు వేయండి. రెండింటి మీదా ఒక్కొక్క గీత గీయండి. ఒక రీలును 20 చుట్లు తిప్పి, మళ్ళీ 20 చుట్లు తిప్పి, రెండో రీలు గీత రెండుసార్లూ ఒకేచోట ఆగిందేమో చూడండి. రెండో రీలును వేలితో కొద్దిగా అదిమిపట్టి ఇంకోసారి చేయండి.

2. సైకిలును స్టాండు వేసి, పెడలు దగ్గరి పళ్ళచక్రానికీ, వెనక పళ్ళచక్రానికీ ఎన్నేసి పళ్ళున్నాయో లెక్కించండి. వెనక ఎన్ని పళ్ళున్నాయో పెడలును అన్ని చుట్లు నెమ్మదిగా, గొలుసు వదులు కాకుండా తిప్పండి. వెనక చక్రం ఎన్ని చుట్లు తిరగాలో ముందే కాగితం మీద రాసుకొని, తరవాత సరిచూడండి.

3. ఆలోచించండి: ఒక ఇంజనులో క్రాంక్ కప్పీకి 24 పళ్ళున్నాయి. క్యామ్ కప్పీకి ఎన్ని ఉండాలి? బెల్టు రెండు పళ్ళు జారితే క్రాంకు లెక్కన తేడా ఎన్ని డిగ్రీలు?